బృందావనం ముందు తలవంచిన దొర

భగవత్కటాక్షానికి కులం, దేశం, భాష అడ్డురావని మన పురాణేతిహాసాలు పదే పదే చాటుతున్నాయి. పడవ నడిపే గుహుణ్ణి శ్రీరామచంద్రుడు అక్కున చేర్చుకున్నాడు. అడవిలోని శబరి పెట్టిన పండ్లను ఆరగించాడు. శత్రువు తమ్ముడైన విభీషణుడికి అభయమిచ్చాడు. కరుణ ఎవరిపై, ఎప్పుడు, ఏ రూపంలో ప్రసరిస్తుందో నిర్ణయించేది ఆ పరమాత్మే తప్ప మనం కాదు.

ఈ సత్యానికి మన నేలపైనే ఒక నిదర్శనం ఉంది. సప్తసముద్రాలకు ఆవలినుంచి వర్తక కంపెనీ కొలువుకు వచ్చి, మన పొలాలను కొలిచి, పన్నులు కట్టి, చివరకు మద్రాసు రాజధానికి గవర్నరై, కర్నూలు సీమలోని ఒక పల్లెలో కన్నుమూసిన సర్ థామస్ మన్రో కథ అది. మంత్రాలయంలో శ్రీ రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని భక్తుల విశ్వాసం. తిరుమల శ్రీవారి నైవేద్యానికి ఆయన పేరిట ఒక గంగాళం ఏర్పడింది. గండి క్షేత్రంలో బంగారు తోరణం ఆయన కంటపడిందని ఐతిహ్యం. ఒక పరాయి పాలకుడి పేరు మూడు పుణ్యక్షేత్రాల కథల్లో ఇలా నిలిచిపోవడం అరుదైన విషయం. అందుకే ఆయన జీవితాన్ని భక్తితోనూ, వివేకంతోనూ పరిశీలించడం అవసరం.

గ్లాస్గో నుంచి చెన్నపట్నానికి

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవారు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్న థామస్ కొంతకాలం ఒక వర్తకుని కొలువులో గుమాస్తాగా పనిచేశారు. ఇంతలో అమెరికా స్వాతంత్ర్య సమరం మొదలై తండ్రి వ్యాపారం కుప్పకూలింది. ఇంటి పరిస్థితులు తారుమారు కావడంతో ఆ యువకుడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780 జనవరిలో చెన్నపట్నంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 18 ఏళ్లు.

ఆ ఏడాదే హైదర్ అలీ కర్ణాటక మైదానాలపై విరుచుకుపడ్డాడు. యువ మన్రో ఆ యుద్ధంలోనూ, తర్వాత 1790 నుంచి 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలోనూ పాల్గొన్నారు. శిబిర జీవితంలో దొరికిన తీరికను పర్షియన్, హిందుస్తానీ భాషలు నేర్చుకోవడానికి వినియోగించారు. ఆ భాషాజ్ఞానమే ఆయన జీవితాన్ని కత్తి నుంచి కలం వైపు మళ్లించింది.

1792లో టిప్పు నుంచి కంపెనీకి దక్కిన బారామహల్ ప్రాంతంలో, అంటే నేటి తమిళనాడులోని సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో, శిస్తు నిర్ణయించే పనిని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించారు. ఆయనకు సహాయకుడిగా మన్రో ఏడేళ్లు పనిచేశారు. రైతు ఏం పండిస్తాడు, ఎంత అమ్ముకుంటాడు, ఇంట్లో ఎంత మిగులుతుంది అనే విషయాలను పొలం గట్టుమీదే తెలుసుకున్నారు. ప్రభుత్వానికీ రైతుకూ మధ్య జమీందారు ఉండనవసరం లేదనీ, శిస్తును రైతుతోనే నేరుగా నిర్ణయించుకోవాలనీ ఆయనకు కలిగిన అభిప్రాయానికి బీజం అక్కడే పడింది. దానినే రైతువారీ పద్ధతి అన్నారు.

1799లో శ్రీరంగపట్నం పతనమైన తర్వాత మన్రో కొంతకాలం కన్నడ తీరప్రాంతంలో పనిచేశారు. ఆ మరుసటి సంవత్సరం ఆయనను తెలుగు గడ్డకు రప్పించింది.

దత్తమండలాల కలెక్టరు

1800 అక్టోబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం నిజాము నవాబు తుంగభద్రకు దక్షిణాన ఉన్న విశాల భూభాగాన్ని కంపెనీకి వదులుకున్నాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లోని ప్రాంతాలు అందులో ఉన్నాయి. ‘దత్తమండలాలు’ అన్న పేరు అలా వచ్చింది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ‘రాయలసీమ’ అన్న గౌరవనామం పొందేవరకు ఆ పేరే వాడుకలో ఉంది. ఈ సీమకు మొదటి ముఖ్య కలెక్టరుగా మన్రో నియమితులై అనంతపురం కేంద్రంగా 1807 వరకు పనిచేశారు.

విజయనగర వైభవం అస్తమించాక ఈ సీమ అనేక చేతులు మారింది. సుమారు 80 మంది పాళెగాళ్లు కోటలు కట్టుకుని, సాయుధ బంట్లతో ఎవరి రాజ్యం వారు ఏలుతున్నారు. మన్రో, సైన్యం తోడుతో వారిని అణచివేశారు. కొందరిని పదవీచ్యుతులను చేసి, భరణాలు ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ విధానంలోని కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. పాళెగాళ్ల కుటుంబాల్లో ఆ గాయం మానలేదు. భరణాల వ్యవహారంలో రగిలిన అసంతృప్తి తర్వాతి తరంలో 1846 నాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమైంది. ఆ వీరుణ్ణి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. మన్రో కథ చెప్పేటప్పుడు ఈ పుటను దాచిపెట్టడం న్యాయం కాదు.

అయితే అదే మన్రో రైతుల ముందు వేరొక మనిషి. చాలాకాలం ఆయన డేరాలోనే కాపురమున్నారు. ఊరూరా తిరుగుతూ, డేరా ముందుకు వచ్చిన ప్రతి రైతు మొరనూ ఆలకించేవారు. నలుగురు సహాయకులతో కలిసి సీమలోని పొలాలను ఒక్కొక్కటిగా కొలిపించి, నేల తరం నిర్ణయించి, శిస్తు కట్టారు. అది కొన్నేళ్లపాటు సాగిన మహాయత్నం.

రాజు పన్ను ఎలా తీసుకోవాలో మహాభారత శాంతిపర్వంలో భీష్మపితామహుడు ధర్మరాజుకు బోధించాడు. పువ్వు వాడకుండా తుమ్మెద తేనె తీసుకున్నట్లు, దూడ కడుపు మాడకుండా ఆవును పిదికినట్లు రాజు ప్రజలనుంచి పన్ను గ్రహించాలని ఆ బోధ సారాంశం. ఈ ధర్మానికి కంపెనీ ప్రభుత్వం చాలా దూరంలో ఉండేది. మన్రో వేసిన శిస్తు కూడా భారమైనదే. పంటలో దాదాపు సగానికి చేరువైన భాగం ప్రభుత్వానికి పోయేది. ఆయన హయాంలో సీమ రాబడి గణనీయంగా పెరిగింది. కానీ ఈ భారాన్ని రైతు మోయలేడని మొదట గుర్తించినవారు కూడా ఆయనే. 1807లో పదవి వీడేముందు, శిస్తును నాలుగో వంతు తగ్గించాలని ప్రభుత్వానికి గట్టిగా సిఫార్సు చేశారు. పైవారు ఆ మాటను పెడచెవిన పెట్టారు. ఆయన వెళ్లిపోయాక రైతువారీ పద్ధతినే పక్కనపెట్టి, ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చారు. గుత్తేదారుల చేతుల్లో గ్రామాలు నలిగిపోయాయి.

మంచాలలో జరిగినదేమిటి?

మన్రో కలెక్టరుగా ఉన్న రోజులకు చెందినదే మంత్రాలయ మహిమ. తుంగభద్రా తీరంలో, గ్రామదేవత మంచాలమ్మ కొలువైన ఆ ఊరి అసలు పేరు మంచాల. ప్రహ్లాదుడు పూర్వం యజ్ఞం చేసిన స్థలమది అని దివ్యదృష్టితో గ్రహించి, శ్రీ రాఘవేంద్రతీర్థులు ఆ ఊరిని ఆదోని నవాబు నుంచి స్వీకరించారని మఠ సంప్రదాయం చెబుతుంది. 1671లో శ్రావణ బహుళ విదియనాడు స్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఆ తర్వాత 700 సంవత్సరాలు బృందావనంలో ఉండి భక్తులను అనుగ్రహిస్తానని స్వామి అభయమిచ్చినట్లు భక్తుల నమ్మకం.

స్వామి బృందావనస్థులైన సుమారు 130 సంవత్సరాలకు ఈ సీమ కంపెనీ వశమైంది. కొత్త ప్రభుత్వానికి ఇనాం భూములంటే అనుమానం. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పటికీ చెల్లుబాటవుతుందా అని ప్రతి దానపత్రాన్నీ తిరగేసి చూసేవారు. చెల్లదని తేలితే ఆ మాన్యాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకునేది. ఒక మఠానికి మాన్యం పోవడమంటే భూమి పోవడం మాత్రమే కాదు. నిత్య దీపారాధన, నైవేద్యం, అన్నదానం, వేదాధ్యయనం అన్నీ ఆ భూమిపైనే ఆధారపడి ఉండేవి. మంచాల మాన్యం విషయంలోనూ అటువంటి ప్రమాదమే ముంచుకొచ్చింది. విచారణ కోసం మన్రో స్వయంగా మంచాలకు వచ్చారు.

ఐతిహ్యం ప్రకారం తర్వాత జరిగినది ఇది. దొరవారు బృందావనం చెంతకు వచ్చి, పాదరక్షలు విడిచి, టోపీ తీసి గౌరవంగా నిలబడ్డారు. అంతలో బృందావనం నుంచి స్వామి వెలికి వచ్చి ఆయనతో సంభాషించారు. మాన్యం పూర్వాపరాలను వివరించి, దానిని తిరిగి తీసుకోవడం తగదని నచ్చజెప్పారు. స్వామి రూపం మన్రోకు మాత్రమే కనిపించింది. మాటలు ఆయనకు మాత్రమే వినిపించాయి. వెంట ఉన్నవారికి తమ అధికారి శూన్యంతో మాట్లాడుతున్నట్లు తోచింది. సంభాషణ ముగిశాక మన్రో, మాన్యాన్ని మఠానికే ఉంచాలని నిర్ణయించారు. స్వామి మంత్రాక్షతలు ఆయనకు ప్రసాదంగా అందాయని భక్తులు చెప్పుకుంటారు.

ఈ కథ మఠం ప్రాంగణానికే పరిమితం కాలేదు. 1904లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ సంకలనం చేసిన బళ్లారి జిల్లా గెజిటీరులో ఈ వృత్తాంతం చోటుచేసుకుంది. మంచాల ఉన్న ఆదోని తాలూకా అప్పట్లో బళ్లారి జిల్లాలో భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది మనవైపు వచ్చింది. ప్రభుత్వ గ్రంథంలో ఈ కథ స్థానికుల నోట విన్న ఐతిహ్యంగానే నమోదైంది తప్ప అధికారిక ధ్రువీకరణగా కాదు. ఈ తేడాను భక్తులు గుర్తుంచుకోవడం మంచిది. అలాగే, కొందరు ఈ సంఘటన మన్రో గవర్నరుగా ఉన్నప్పుడు జరిగిందని చెబుతుంటారు. ఆయన ఈ సీమకు కలెక్టరుగా ఉన్నది 1800 నుంచి 1807 వరకే కాబట్టి, మాన్యం విచారణ కథ ఆ సంవత్సరాలకే సరిపోతుంది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. మన్రో కోరుకుంటే తన డేరాలో కూర్చుని, ఒక్క సంతకంతో ఆ మాన్యాన్ని రద్దు చేయగలిగేవారు. అలా చేయకుండా స్వయంగా వచ్చారు, చూశారు, విన్నారు. పొలం తగాదా అయినా, మఠం మాన్యమైనా ఆ చోటికి వెళ్లి తేల్చుకోవడం ఆయన పాలనా పద్ధతి. పాదరక్షలు విడిచి నిలబడిన వినయమూ, వినాలన్న ఓర్పూ లేనివారికి బృందావనం ఎదురుగా ఉన్నా ఏమీ వినిపించదు. స్వామి అనుగ్రహానికి ఆయనను పాత్రుణ్ణి చేసినది ఆ వినయమేనని భావించడంలో తప్పులేదు.

తిరిగివచ్చిన మన్రో

1807లో స్వదేశానికి వెళ్లిన మన్రో ఖాళీగా కూర్చోలేదు. 1813లో కంపెనీ అధికారపత్రాన్ని పొడిగించే సందర్భంలో బ్రిటిష్ పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చారు. హిందువులు అనాగరికులనీ, వారిని సంస్కరించాలనీ పలువురు వాదిస్తున్న కాలమది. మన్రో ఆ వాదాన్ని అంగీకరించలేదు. చక్కని వ్యవసాయం, సాటిలేని చేతిపనుల నైపుణ్యం, ఊరూరా బడులు, అతిథి మర్యాద, దానగుణం, స్త్రీల పట్ల గౌరవం ఇవన్నీ నాగరికతకు గుర్తులైతే హిందువులు యూరపు జాతులకు ఏమాత్రం తీసిపోరని చెప్పారు. నాగరికత అనేది రెండు దేశాల మధ్య వ్యాపార వస్తువైతే, దాని దిగుమతివల్ల లాభపడేది ఇంగ్లండేనని ఆయన స్పష్టం చేశారు. అతిథిని దేవుడిగా చూసే మన ఇళ్ల ఆచారానికి పరాయి సభలో ఒక పరాయివాడు పలికిన సాక్ష్యమది.

1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహమాడి, అదే సంవత్సరం న్యాయ, పోలీసు వ్యవస్థల సంస్కరణ సంఘానికి అధిపతిగా మద్రాసుకు తిరిగివచ్చారు. 1816లో వెలువడిన చట్టాల ద్వారా గ్రామ మునసబులకు, పంచాయతీలకు చిన్న తగాదాలు తీర్చే అధికారం లభించింది. 1817, 1818 సంవత్సరాల్లో మరాఠా యుద్ధంలో సేనానిగా ధార్వాడ, బాదామి, బెళగావి కోటలను పట్టుకున్నారు. 1819లో స్వదేశానికి చేరీ చేరకముందే మద్రాసు గవర్నరు పదవి ఆయనను వరించింది. 1820 జూన్ నెలలో ఆ బాధ్యతలు స్వీకరించారు. 40 ఏళ్ల క్రితం సామాన్య సైనికోద్యోగిగా దిగిన రేవులోనే గవర్నరుగా కాలుమోపారు.

గవర్నరు కాగానే 13 ఏళ్ల నాటి తన మాటను నిలబెట్టుకున్నారు. తగ్గించిన శిస్తుతో రైతువారీ పద్ధతిని తిరిగి నెలకొల్పారు. దత్తమండలాల రైతులకు నాలుగో వంతు తగ్గింపు అప్పుడు లభించింది. ఒకనాడు తోసిపుచ్చిన సిఫార్సును మరచిపోకుండా, అధికారం చేతికి రాగానే అమలు చేయడం సామాన్య విషయం కాదు. పదవి వచ్చాక పాత మాటలు మరచిపోయేవారే లోకంలో అధికం.

శ్రీవారి గంగాళం

మన్రో పాలనాకాలంలో తిరుమల ఆలయం కంపెనీ నిర్వహణలో ఉండేది. 1801లో ఉత్తర ఆర్కాటు ప్రాంతం కంపెనీ చేతికి వచ్చినప్పటినుంచి 1843లో హథీరాంజీ మఠానికి అప్పగించేవరకు ఆ ఏర్పాటు సాగింది. శ్రీవారికి భక్తులు సమర్పించిన కానుకల్లో ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము కంపెనీ ఖజానాకు చేరేది. దేవుని సొమ్మును ప్రభుత్వ రాబడిగా చూసిన రోజులవి. ఆలయ వ్యవహారాలను క్రమబద్ధం చేస్తూ 42 నిబంధనలతో ‘బ్రూస్ కోడ్’ వెలువడినది 1821లో, అంటే మన్రో గవర్నరుగా ఉన్నప్పుడే. అర్చనాది కైంకర్యాల్లో జోక్యం చేసుకోకుండా, పూర్వాచారం ప్రకారమే జరగనిస్తూ, లెక్కలను, సిబ్బంది విధులను క్రమంలో పెట్టడం దాని ఉద్దేశం.

ఈ నేపథ్యంలో మన్రో గంగాళం కథ మరింత ఆసక్తికరంగా తోస్తుంది. గవర్నరుకు విడవని ఉదరవ్యాధి పట్టుకుందనీ, శ్రీవారికి నివేదించిన పొంగలి ప్రసాదం స్వీకరించగా అది నయమైందనీ తిరుమలలో చెప్పుకుంటారు. అందుకు కృతజ్ఞతగా ఆయన స్వామివారి నైవేద్యానికి పెద్ద గంగాళాన్ని సమర్పించి, నిత్యం అందులో ప్రసాదం నివేదన జరిగేందుకు ఒక గ్రామం ఆదాయాన్ని కేటాయించారనీ అంటారు. ఆ పాత్రకు ‘మన్రో గంగాళం’ అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ రోజుల్లో యూరోపియన్లు తిరుమల కొండ ఎక్కే ఆచారం లేదు. రాజధానికి అధిపతి అయినా ఆ కట్టుబాటుకు లోబడవలసిందే. కొండ ఎక్కే అవకాశం లేని అధికారికి ప్రసాదమే దర్శనమైందన్నమాట. ఖజానాకు స్వామి సొమ్ము తీసుకునే ప్రభుత్వానికి అధిపతి అయిన వ్యక్తే, తన కృతజ్ఞతను స్వామి వంటశాలకు చేర్చడం వేంకటేశ్వరుని లీలావిలాసమే. వడ్డికాసులవాడు ఎవరి బాకీని ఎలా వసూలు చేసుకుంటాడో ఎవరికి తెలుసు?

బియ్యంలో రాసిన వినాయకుని పేరు

మన్రో చేసిన పనుల్లో నేటి తల్లిదండ్రులు తెలుసుకోదగినది మరొకటి ఉంది. 1822 జూన్ 25న ఆయన రాజధానిలోని కలెక్టర్లందరినీ, తమ జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, అక్కడ ఎందరు ఏమేమి చదువుతున్నారో లెక్క తీసి పంపాలని ఆదేశించారు. ఆ నివేదికలన్నీ చేరాక 1826 మార్చి 10న తన అభిప్రాయం రాశారు. సుమారు కోటి 28 లక్షల జనాభాలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలింది. అంటే దాదాపు ప్రతి వెయ్యిమందికి ఒక బడి. ఇంగ్లీషు చదువులు రాకముందు మన దేశంలో విద్యే లేదన్న అపోహకు ఈ లెక్కే సమాధానం.

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మరీ విలువైనది. తెలుగు వ్యాకరణం రాసిన పండితుడాయన. తన జిల్లాలో 533 బడులు ఉన్నాయనీ, వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు 226, సంస్కృతం 23 అనీ లెక్క చెప్పారు. బిడ్డకు అయిదో ఏడు రాగానే జరిగే అక్షరాభ్యాసాన్ని ఆయన శ్రద్ధగా వర్ణించారు. వినాయకుని ముందు గురువు, విద్యార్థులు కూర్చోగా, పసివాడి వేలు పట్టుకుని బియ్యంలో ఆ దేవుని పేరు రాయించేవారట. ఆ తర్వాత ఇసుకలో అక్షరాలు దిద్దుకుంటూ, రామాయణ భారత భాగవతాల వరకు చదువు సాగేది. నేటికీ మన ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి ‘ఓం’ దిద్దించే వేళ సాగుతున్నది ఆ సంప్రదాయమే.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఒక చేదు నిజాన్ని కూడా దాచలేదు. దేశం క్రమంగా పేదదై పోతోందనీ, సీమ వస్త్రాలు వచ్చి నేతగాళ్ల జీవనోపాధి పోయిందనీ, అందువల్ల పిల్లలను బడికి పంపలేని తల్లిదండ్రులు పెరిగారనీ, జిల్లాలోని ఏ బడికీ ప్రభుత్వ సాయం అందడం లేదనీ రాశారు. పూర్వరాజులు విద్యకు ఇచ్చిన పోషణ కంపెనీ ఇవ్వలేదన్నది దాని అర్థం. ప్రతి తాలూకాలోనూ ప్రభుత్వ బడులు పెట్టాలని మన్రో ప్రణాళిక వేశారు. ఆయన మరణానంతరం అది నీరుగారిపోయింది.

గండి తోరణం, పత్తికొండ అస్తమయం

బర్మా యుద్ధకాలపు సేవలకు 1825లో మన్రోకు బారోనెట్ బిరుదు లభించింది. అప్పటికే ఆయన పదవినుంచి విరమించాలని కోరుకుంటున్నారు. 1826లో అనారోగ్యంతో ఉన్న కుమారుణ్ణి తీసుకుని భార్య స్వదేశానికి వెళ్లిపోయారు. వారసుడి రాక ఆలస్యమైంది. ఈలోగా తాను ప్రాణప్రదంగా ప్రేమించిన దత్తమండలాలను చివరిసారి చూసి, అక్కడి జనానికి వీడ్కోలు చెప్పి రావాలని 1827 మే నెలాఖరులో బయలుదేరారు.

గండి క్షేత్ర ఐతిహ్యం ఈ అంతిమ దశకు సంబంధించినది. కడప జిల్లాలో, పాపఘ్ని నది శేషాచల కొండలను చీల్చుకుని ప్రవహించే చోట శ్రీ ఆంజనేయస్వామి వెలసి ఉన్నాడు. లంకనుంచి విజయుడై తిరిగివస్తున్న శ్రీరాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడనీ, రాముడు తన బాణపు మొనతో శిలపై హనుమంతుని రూపం గీశాడనీ స్థలపురాణం. ఆ తోరణం అందరి కళ్లకూ కనిపించదు. దర్శించిన పుణ్యాత్ములు మాత్రం త్వరలోనే దేహం విడుస్తారని ప్రతీతి. మన్రో ఆ దారిన వెళ్తూ తలెత్తి చూసి, కొండల మధ్య ఆ తోరణమేమిటని అడిగారనీ, వెంట ఉన్నవారెవరికీ ఏమీ కనిపించలేదనీ, వారిలో పెద్దవారు విషయం గ్రహించి చింతించారనీ చెబుతారు. బ్రిటిష్ కాలపు జిల్లా గ్రంథాల్లోకి కూడా ఈ కథ ఎక్కింది.

జూలై మొదటి వారంలో గుత్తి ప్రాంతంలో గవర్నరు శిబిరానికి కలరా సోకింది. 1827 జూలై 6న పత్తికొండ చేరేసరికి మన్రోకు కూడా ఆ వ్యాధి అంటుకుంది. ఆనాటి రాత్రే ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు. మరునాడు గుత్తి కోట కింద సమాధి చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. స్వదేశంలో కుటుంబం ఎదురుచూస్తుండగా, ఆ దేహం దత్తమండలాల మట్టిలోనే తొలి విశ్రాంతి పొందింది.

పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం బావి తవ్వించి, తోపు పెంచారు. గుత్తిలో సత్రం వెలసింది. దాహం తీర్చే బావి, నీడనిచ్చే తోపు, బాటసారులకు సత్రం. ఇవన్నీ మన ధర్మశాస్త్రాలు పూర్తకర్మలుగా కీర్తించినవే. 1839లో మద్రాసులో ఫ్రాన్సిస్ చాంట్రీ మలచిన అశ్వారూఢ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. సీమలో కొందరు తమ బిడ్డలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారు. ఆయనను ‘మాండవ్య ఋషి’ అని పిలుచుకున్నారని కూడా పాత జీవితచరిత్రలు చెబుతున్నాయి.

భక్తి, న్యాయం రెండు కళ్లు

ఇంతటి వ్యక్తిని ఎలా అర్థం చేసుకోవాలి? ఆయనను దేవదూతగా కీర్తించనవసరం లేదు. మన్రో పనిచేసినది ఈ దేశపు సంపదను తరలించుకుపోయిన కంపెనీ కోసమే. పాళెగాళ్ల పట్ల ఆయన చేయి కఠినమైనది. 1822లో పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వరాదని వాదించినవారు కూడా ఆయనే. మరోవైపు, భారతీయులను ఉన్నత పదవులనుంచి దూరంగా ఉంచడం వారిని దిగజార్చడమేననీ, ఏదో ఒకనాడు వారు తమను తామే పాలించుకోగల స్థితికి చేరాలనీ 1824 డిసెంబరు 31న రాసినవారూ ఆయనే. ఆ మాట నిజం కావడానికి మరో 123 సంవత్సరాలు పట్టింది.

భక్తుడి కంటికి మహిమలు కనిపిస్తాయి. చరిత్రకారుడి కంటికి లెక్కలు, తేదీలు కనిపిస్తాయి. ఒక కంటిని మూసుకుని రెండో కంటితో మాత్రమే చూడవలసిన అగత్యం మనకు లేదు. స్వామి కనిపించారా అన్నది విశ్వాసానికి సంబంధించిన విషయం. కాని మంచాల మాన్యం నిలిచిందన్న కృతజ్ఞత భక్తుల గుండెల్లో రెండు శతాబ్దాలకు పైగా నిలిచి ఉండటం మాత్రం ఎవరూ కాదనలేని వాస్తవం. మన పెద్దలు ఎంత ఉదారులో కూడా దీనివల్ల తెలుస్తుంది. తమను ఏలిన పరాయివాడిలోనైనా మంచి కనిపిస్తే దాచుకోలేదు. తమ దేవుళ్ల కథల్లో అతడికి చోటిచ్చారు.

అధికారం గలవారందరికీ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. దస్త్రంపై ఒక్క సంతకం ఎక్కడో ఒక దీపాన్ని ఆర్పవచ్చు, ఒక పొయ్యిని చల్లార్చవచ్చు. ఆ సంతకం చేసేముందు ఆ చోటికి వెళ్లి, గర్వాన్ని గడప బయట విడిచి, ఎదుటివారి మాట వినడం పాలకుని ధర్మం. కార్యాలయంలో పెద్దకైనా, ఇంటి యజమానికైనా ఇదే ధర్మం వర్తిస్తుంది. మంత్రాలయం వెళ్లినప్పుడు శ్రీ రాఘవేంద్రుల బృందావనానికి ప్రదక్షిణ చేస్తూ, మాకూ అటువంటి వినయాన్ని, వినగలిగే చెవిని ప్రసాదించమని ఆ గురుసార్వభౌములను వేడుకుందాం.